విరగని రెక్కల ఫైలు

చింతలంక ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణ సంస్థకు హెలికాప్టరు రావడానికి మూలకారణం మాతృభాష మీద అభిమానం.

ఆ ఏడు పైనుంచి గగన నైపుణ్య పథకం అని ఒకటి దిగింది. సంస్థకి పద్దెనిమిది మంది చొప్పున ఆడవాళ్ళకి డ్రోన్లు ఎగరేయడం నేర్పాలి. చింతలంక చుట్టుపక్కల వరిచేల కంటే చేపల చెరువులే ఎక్కువ. చెరువులో పడవేసుకుని మేత చల్లేవాళ్ళ పని నెమ్మదిగా డ్రోన్ల చేతుల్లోకి పోతోంది. ఆ చల్లేవాళ్ళే డ్రోను నేర్చుకుంటే వాళ్ళ పని వాళ్ళకే ఉంటుందని ఎవరో పెద్దవాళ్ళకి మంచి బుద్ధి పుట్టింది. ఇంతవరకూ ఎవరినీ ఏమీ అనడానికి లేదు.

అయితే అదే ఏడు, ఫైళ్ళన్నీ అచ్చంగా తెలుగులోనే నడవాలని ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. డ్రోనుకి తెలుగేమిటో తేల్చమని వేసిన సంఘం పద్నాలుగుసార్లు సమావేశమై టీ తాగింది గానీ మాట తేల్చలేదు. అది తేలేదాకా పని ఆగకూడదు కదా అని, కొనుగోలు కాగితంలో డ్రోను అన్న చోటల్లా 'చిన్న హెలికాప్టరు' అని రాశారు. హెలికాప్టరు మాత్రం తెలుగు మాటేనా అని ఎవరూ అడగలేదు. మన పెద్దలంతా అందులోనే తిరుగుతారు కాబట్టి అది మన మాటే అయి ఉంటుందనుకున్నారు. సరుకు పంపేవాడు నిజాయితీపరుడు. చిన్న హెలికాప్టరు అన్నారు, చిన్న హెలికాప్టరే పంపాడు.

పెట్టె విప్పింది నీలవేణి. ఆవిడ ఈ కోర్సు కోసమే తీసుకున్న కాంట్రాక్టు ఇన్‌స్ట్రక్టరు. డిప్లొమా చదివింది, ఇలాంటి రిమోట్ బొమ్మలు బాగుచేసే కొట్లో నాలుగేళ్ళు పనిచేసింది. పెట్టెలో మూరెడు పొడుగున్న హెలికాప్టరు, రిమోటు, రెండు జతల రెక్కలు కనిపించాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అమ్మే రకం అది. దీన్ని నిలకడగా ఎగరేయగలిగినవాళ్ళు డ్రోనును కళ్ళు మూసుకుని ఎగరేస్తారని నీలవేణికి తెలుసు. అందుకని నిరాశ పడలేదు. రెక్కలు చూశాక మాత్రం కాస్త మొహం చిట్లించింది. నల్లగా, గట్టిగా, నిగనిగలాడుతున్నాయి. చెయ్యి తిరిగినవాళ్ళు వాడే రెక్కలవి. దేనికైనా తగిలితే వంగవు, విరుగుతాయి.

ప్రారంభోత్సవం నాడు షామియానా వేశారు, బంతిపూల దండలు కట్టారు. ప్రిన్సిపాల్ భీమశంకరంగారు కొత్త ఖద్దరు చొక్కా వేసుకొచ్చి రిమోటు కోసం చెయ్యి చాచారు.

"ముందు నేనోసారి ఎగరేసి చూపిస్తానండి," అంది నీలవేణి.

"ప్రారంభించు అధికారం సంస్థాధిపతికి దఖలు పడి ఉన్నదమ్మా," అన్నారాయన. ఆయన ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారని వినికిడి.

హెలికాప్టరు లేచింది, బంతిపూల దండలో దూరింది. ఒక జత రెక్కలు ముక్కలయ్యాయి. పువ్వులు మాత్రం చాలా అందంగా నలుదిక్కులా చల్లబడ్డాయి. జనం అది కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి ఆయనకి హుషారొచ్చింది. రెండో జత బిగించమన్నారు. ఈసారి హెలికాప్టరు మైకు స్తంభానికి కొట్టుకుంది. "ప్రయోగం జయప్రదమైనది, రెక్కలు సహకరించలేదు," అని ఆయన ఆ మైకులోనే ప్రకటించి, లడ్డూ తినడానికి వెళ్ళారు.

సరిగ్గా నలభై రోజుల్లో తనిఖీ ఉంది. ఆరోజు పద్దెనిమిది మందీ ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు హెలికాప్టరును గాల్లో నిలపాలి. నిలిపితే సర్టిఫికెట్లు. లేకపోతే కోర్సు మూత, దాంతోపాటు నీలవేణి కాంట్రాక్టూ అక్కడితో సరి.

పద్దెనిమిది మందిలో పెద్దది గంగాభవాని. నలభై ఆరేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా చెరువుల్లో మేత చల్లుతోంది. నేలమీదున్న నల్లముక్కలు ఏరి చీరకొంగులో పోసుకుని నీలవేణి దగ్గరికి వచ్చింది.

"మేడంగారూ, రెక్కలిరిగిపోతే మా పని అయిపోయినట్టేనాండీ? మా సెరువు కామందు వచ్చే పంటకి డ్రోను తెత్తాడంట. కాయితం ఉన్నోళ్ళకే పనంట."

"రెక్కలేం పోలేదమ్మా, కాకినాడలో దొరుకుతాయి. ఈసారి మెత్తటివి తెద్దాం," అంది నీలవేణి.

మెత్తటివంటే ప్లాస్టిక్‌వి. కొత్తవాళ్ళు గోడకి కొట్టినా చెట్టుకి కొట్టినా వంగుతాయి, వదిలితే మళ్ళీ తిన్నగా అవుతాయి. వేగంలో అంత గొప్పగా ఉండవు గానీ నేర్చుకునేవాడి తప్పుల్ని ఓర్చుకుంటాయి. ఇది బొమ్మలు బాగుచేసే కొట్లో పనిచేసిన ఎవరినడిగినా ఒక్క ముక్కలో చెప్పే సంగతి. నీలవేణి మర్నాడే వెళ్ళి తన చేతి డబ్బుతో రెండు జతలు తెచ్చేస్తానంది. భీమశంకరంగారు కంగారుపడ్డారు.

"ప్రైవేటు రెక్కలతో ప్రభుత్వ హెలికాప్టరు ఎగురుట నిషిద్ధం. అర్జీ పెట్టుము."

అర్జీ సూపరింటెండెంటు సోమయాజులుగారి బల్ల మీదికి వెళ్ళింది. సోమయాజులుగారు మంచివారు. ఎవరికీ అపకారం చెయ్యరు. కాగితం మీద తప్పు కనిపిస్తే మాత్రం ఆయనకి నిద్ర పట్టదు. 'కొత్తగా నేర్చుకునేవారి హెలికాప్టరుకు వంగే ప్లాస్టిక్ రోటర్ బ్లేడ్లు రెండు జతలు' అని నీలవేణి రాసింది. ఆయన ఎర్రసిరా కలం తీశారు.

"బ్లేడు అంటే గడ్డం గీసుకునేదమ్మా. దీన్ని రెక్క అందాం, చక్కటి తెలుగు. రోటరుకి మన పదకోశంలో చోటు లేదు, తీసేద్దాం. ప్లాస్టిక్కు కూడా తెలుగు కాదు. ఇహ ఈ 'వంగే' అన్నది... ప్రభుత్వ సామగ్రి వంగుతుందని మనంతట మనమే రాసుకుంటే బాగుండదు కదా. 'మన్నిక గల' అని పెడదాం. హెలికాప్టరు సంగతి పైన విషయంలో ఎలాగూ ఉంది, మళ్ళీ దండగ."

చివరికి కాగితం మీద మిగిలినది 'మన్నిక గల రెక్కలు, రెండు జతలు.' సోమయాజులుగారు దాన్ని దూరంగా పట్టుకుని చూసుకుని తృప్తిపడ్డారు. చూడ్డానికి నిజంగానే బాగుంది.

సామాను రిజిస్టరులో రెక్కలు మూడుచోట్ల ఉన్నాయి. తలుపు రెక్కలు, ఫ్యాను రెక్కలు, కోడి రెక్కలు. మూడోది ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు ఆ ఆవరణలోనే కోళ్ళ పెంపకంలో తరగతులు నడిచేవి. రెక్కలు మూడు శాఖల్లో ఉన్నాయి కాబట్టి మూడు శాఖల అభిప్రాయమూ కావాలి. వారం తిరిగేసరికి మన్నిక నిర్ధారణ సంఘం ఏర్పడింది. భవనాల శాఖ నుంచి ఇంజినీరు బాపినీడుగారు, విద్యుత్తు నుంచి రత్నరాజుగారు, పశువైద్యం నుంచి డాక్టరు మరిడయ్యగారు సభ్యులు. భీమశంకరంగారు అధ్యక్షులు.

సంఘం కూర్చునే నాటికి ముప్ఫై రోజులే మిగిలాయి. నమూనాలు లేకుండా సంఘం కూర్చోకూడదు గనక కాకినాడ కొట్టువాడు రెండు జతల ప్లాస్టిక్ రెక్కలు నమూనాగా పంపాడు. బల్ల మధ్యలో హెలికాప్టరు పెట్టారు. మరిడయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి, తోక కింద చూసి, "దీని వయసెంత?" అన్నారు.

"పదిరోజులండి," అంది నీలవేణి.

"మరదే. పదిరోజుల వయసులో రెక్కలు రావు. ఆత్రపడకూడదు. ఆరువారాలు ఆగితే వాటంతటవే వస్తాయి. ఈలోగా మంచి మేత పెట్టండి."

"ఇది పక్షి కాదు కదండీ డాక్టరుగారూ."

"పక్షి కాకపోతే నన్నెందుకు పిలిచారు?" అన్నారు మరిడయ్యగారు. సంఘం ఆ ప్రశ్ననీ, ఆయన అభిప్రాయాన్నీ యథాతథంగా నమోదు చేసింది.

రత్నరాజుగారు విరిగిన నల్లముక్కలు పేర్చి చూసి గంభీరంగా తలాడించారు. ఫ్యానుకి మూడు రెక్కలుంటాయి. దీనికి రెండే తేలుతున్నాయి. మూడో రెక్క ఎవరు తీశారో విచారణ జరగాలన్నారు. బాపినీడుగారు రెక్క ఎటువైపు తెరుచుకుంటుంది, గడియ లోపలికా బయటికా అని అడిగారు. అయితే ఆయన పనిమంతుడు. ఊరికే ప్రశ్నలు వేసి ఊరుకోలేదు. నమూనా రెక్క ఒకటి తీసుకుని రెండు కొసలూ కలిసేదాకా వంచారు. వదిలారు. అది టప్పున తిన్నగా అయింది.

నీలవేణి ప్రాణం లేచొచ్చింది. "చూశారాండీ, అదే మనక్కావలసింది," అంది.

గదిలో ఎవరూ సంతోషించలేదు. సోమయాజులుగారి మొహం అయితే పాలిపోయింది.

"వంగిందమ్మా," అన్నారాయన మెల్లగా. "విరిగితే విరిగినదని రాసుకోడానికి మనకి గడి ఉంది. విరగకపోతే విరగనిదని ఇంకో గడి ఉంది. ఇది వంగింది, మళ్ళీ మామూలైపోయింది. దీన్ని ఏ గడిలో రాస్తాం?"

"వంగినది లోపభూయిష్టంగా పరిగణించబడును," అన్నారు భీమశంకరంగారు. "తిరస్కరించడమైనది."

ఆ సాయంత్రమే బాపినీడుగారు సొంత వడ్రంగి చేత టేకుతో రెండు రెక్కలు చేయించి పంపారు. తలుపు బందులు కూడా బిగించి పంపారు. నున్నటి చిత్రికపట్టు, పైన వార్నీషు. ముప్ఫై ఏళ్ళు ఢోకా లేదని చీటీ రాశారు. సుత్తితో కొట్టారు, వంగలేదు. మీద మరిడయ్యగారిని నిలబెట్టారు, వంగలేదు. మన్నిక నిర్ధారణ అయిపోయింది. నీలవేణి వాటిని హెలికాప్టరుకి బిగించి రిమోటు నొక్కింది. హెలికాప్టరు మూలిగింది, నిలువెల్లా వణికింది, ఉన్నచోటే పక్కకి ఒరిగి పడుకుంది.

"ఎగరలేదండి," అంది నీలవేణి.

"రెక్క మీద గీతైనా పడినదా?"

"లేదండి. కానీ ఎగరలేదు."

"ఎగురుట ఈ సంఘం పరిధిలో లేదు," అన్నారు భీమశంకరంగారు. "మాకు అప్పగించబడినది మన్నిక."

ఇంతటితో ఆగితే అది ప్రభుత్వ సంఘం ఎందుకవుతుంది. రెక్కలు ఎందుకు విరుగుతున్నాయన్న దాని మీద ఇంకో సమావేశం పెట్టారు. తిరగడం వల్ల విరుగుతున్నాయని తేలింది. కాబట్టి మన్నికను పరిరక్షించు నిమిత్తం టేకు రెక్కలను తనిఖీ రోజు వరకూ తిప్పరాదని, బీరువాలో భద్రపరచవలెనని ఉత్తర్వు వచ్చింది. మరి ఆడవాళ్ళు నేర్చుకునేదెలా అంటే రత్నరాజుగారు దారి చూపించారు. రెక్కల్లేని హెలికాప్టరును తాడుకట్టి తరగతి గది ఫ్యానుకి వేలాడదీశారు. ఒకరు రిమోటు పట్టుకుని కూర్చుంటే ఇంకొకరు ఫ్యాను రెగ్యులేటరు తిప్పేవారు. హెలికాప్టరు గిరగిరా తిరిగేది. రెండులో పెడితే హాయిగా ఉండేది కూడా, గది చాలా ఉక్క.

గంగాభవాని రెండురోజులు అలా ఎగరేసి, మూడోరోజు రిమోటు బల్లమీద పెట్టేసింది.

"ఇది మా ఇంట్లో కూడా సేత్తాను కదండీ. దీనికోసం రోజూ పని మానుకుని రెండు బస్సులు మారి రావాలాండీ?"

నీలవేణికి ఏడుపొచ్చినంత పనైంది. తనేం చెప్పినా అది ఏదో గడిలో పడి మాయమైపోతోంది. వీళ్ళకి మొహం చూపించడానికే సిగ్గుగా ఉంది. ఇరవై మూడు రోజులు మిగిలాయి.

అప్పుడు సోమయాజులుగారికి ఒక తప్పు కనిపించింది. తిరస్కరించిన నమూనాలు ఇంకా బల్ల సొరుగులోనే ఉన్నాయి. తిరస్కృత సామగ్రి ఆవరణలో ఉండకూడదు, అంగీకృత సామగ్రితో కలిసిపోవచ్చు. వెనక్కి పంపకూడదు, కొట్టువాడు ఇంకో శాఖకి అంటగట్టవచ్చు. నిబంధన స్పష్టంగా ఉంది: 'సంఘ సభ్యుల సమక్షంలో విరిచి నాశనము చేయవలెను.' మన్నిక నిర్ధారణ సంఘం ఒక్క సంతకంతో నాశన నిర్వహణ సంఘంగా మారింది.

బాపినీడుగారు రెక్కను రాతిమీద పెట్టి సుత్తితో కొట్టారు. సుత్తి ఎగిరి ఆయన మోకాలికి తగిలింది. మరిడయ్యగారు రెక్కను రెండు చేతుల్తో పట్టుకుని మెలితిప్పారు. మెలి అంతా ఆయన మణికట్టుకే వచ్చింది. రత్నరాజుగారు తలుపు సందులో పెట్టి తలుపేశారు. బందు ఊడింది. బాపినీడుగారు దానికి నొచ్చుకున్నారు, ఆ తలుపు ఆయన వేయించిందే.

"కత్తెరతో కోసేస్తే పోతుంది కదా," అన్నారు రత్నరాజుగారు విసిగిపోయి.

"కోయడం వేరు, విరవడం వేరు," అన్నారు సోమయాజులుగారు. "కాగితంలో 'విరిచి' అనుంది. రేపు ఆడిట్‌లో ఎవరు చెబుతారు?"

"కాల్చినచో?" అన్నారు భీమశంకరంగారు.

"ప్లాస్టిక్ కాల్చరాదని కిందటి నెలే సర్క్యులర్ వచ్చిందండి. గోడకంటించాం."

అందరూ రెక్కల చుట్టూ కూర్చున్నారు. అవి బల్లమీద తిన్నగా, తెల్లగా, ఏమీ ఎరగనట్టు పడున్నాయి. గుమ్మం దగ్గర నిలబడ్డ నీలవేణికి ఆ క్షణంలో ఒక ఆలోచన వచ్చింది. గొంతు సవరించుకుని, వీలైనంత అమాయకంగా మాట్లాడింది.

"మన సంస్థలో రెక్కలు విరిగింది రెండుసార్లేనండి."

"ఎప్పుడు?" అన్నారు భీమశంకరంగారు.

"ప్రారంభోత్సవం నాడండి. రెండుసార్లూ ఎగరేస్తుండగానే."

"ఎవరు ఎగరవేసినారు?"

సోమయాజులుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"అనుభవం లేనివాళ్ళండి," అంది నీలవేణి.

భీమశంకరంగారి మొహం వికసించింది. "అనగా అనుభవ రహితులచే ఎగరవేయించిన యెడల రెక్కలు తప్పక విరుగునని నిరూపితమైనది. మనవద్ద అనుభవ రహితులు ఎందరున్నారు?"

"పద్దెనిమిది మంది ఉన్నారండి."

"నమూనాలు ప్రైవేటువి కదా అని ఒక సందేహం," అన్నారు బాపినీడుగారు. సోమయాజులుగారు ఆ సందేహాన్ని అరనిమిషంలో తీర్చేశారు. ప్రభుత్వం ఇతరుల ఆస్తిని నాశనం చెయ్యదు. నాశనానికి ఉత్తర్వు ఇచ్చింది కాబట్టి అవి ప్రభుత్వానివే. ఆయన అంత అందంగా మాట్లాడటం నీలవేణి అదే మొదటిసారి వినడం.

ఉత్తర్వు ఇలా ఉంది: 'తిరస్కృత రెక్కలను నాశనము చేయు నిమిత్తం, శిక్షణార్థులు పద్దెనిమిది మంది ప్రతి దినము ఉదయం పది గంటల నుండి సాయంత్రం నాలుగు గంటల వరకు సదరు రెక్కలతో హెలికాప్టరును ఎగురవేయవలెను. ఇన్‌స్ట్రక్టరు ప్రతి దినము నివేదిక సమర్పించవలెను. ఇందులో అలసత్వం సహించబడదు.'

నీలవేణి ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకుంది. తరవాత మైదానంలోకి వెళ్ళి ముగ్గుపిండితో పెద్ద గిరి గీసి, ఎగరేసేవాళ్ళు తప్ప ఎవరూ లోపలికి రాకూడదంది. రెక్కల బోల్టులు మరీ బిగించలేదు. దేనికైనా తగిలితే రెక్క వెనక్కి ముడుచుకునేలా కాస్త పట్టు వదిలి ఉంచింది. రెండు బెత్తాలు అడ్డంగా నిలువుగా కట్టి హెలికాప్టరు కాళ్ళకి తగిలించాలి, కింద పడ్డా బోర్లాపడకుండా. బెత్తాల కొసలకి ఏం కడదామా అని చూస్తుంటే గంగాభవాని సంచీలోంచి వలకి కట్టే బెండు తీసింది. మర్నాడు నాలుగు బెండ్లు కట్టుకుని హెలికాప్టరు చూడముచ్చటగా తయారైంది.

మొదటివారం నాశనం జోరుగా సాగింది. హెలికాప్టరు గోడకి కొట్టుకుంది, సైకిలు స్టాండుకి కొట్టుకుంది, భీమశంకరంగారి జీపుకి రెండుసార్లు కొట్టుకుంది. కొట్టుకున్నప్పుడల్లా రెక్కలు వంగేవి, ముడుచుకునేవి. నీలవేణి వెళ్ళి తిన్నగా సర్ది తెచ్చేది. సాయంత్రం నివేదిక రాసేది: 'ఈ దినము కూడా నాశనము కాలేదు.' పనిమీద శ్రద్ధగల భీమశంకరంగారు కుర్చీ వేయించుకుని కూర్చుని, "ఇంకొంచెం గట్టిగా కొట్టండమ్మా, మొహమాటపడకండి," అని ప్రోత్సహించేవారు.

రెండోవారంలో చిక్కొచ్చిపడింది. వాళ్ళకి పని రావడం మొదలైంది. గంగాభవానికయితే మరీను. ఇరవై రెండేళ్ళు ఊగే పడవలో నిలబడి గాలివాటం చూసి మేత చల్లిన చెయ్యి అది. ఏ గాలికి ఏపాటి పట్టు కావాలో ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఒకరోజు హెలికాప్టరును మనిషెత్తున నిలబెట్టి, అలాగే ఉంచి, పక్కవాళ్ళతో కోడలి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. భీమశంకరంగారు గడియారం చూశారు. పదకొండు నిమిషాలు. ఆయన కోపంగా లేచి లోపలికి వెళ్ళారు.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది: 'శిక్షణార్థి గంగాభవాని ఈ దినము పదకొండు నిమిషములు హెలికాప్టరును ఎగురవేసియు ఎక్కడను గుద్దకుండుట తీవ్ర నిర్లక్ష్యముగా పరిగణించడమైనది. సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

"ఏంటండీ ఇందులో ఉంది?" అంది గంగాభవాని భయంగా.

"మీకు బాగా వచ్చేసిందని రాశారు," అంది నీలవేణి. అబద్ధం చెప్పినట్టు తనకేమీ అనిపించలేదు.

ఇరవై మూడో రోజు వచ్చేసరికి పద్దెనిమిది మందికీ మెమోలు అందాయి. ఎవరు ఏ తేదీన ఎన్ని నిమిషాలు గుద్దకుండా ఎగరేశారో అన్నీ సంతకంతో సహా ఉన్నాయి. నీలవేణి వాటిని ఒక అట్టలో వరసగా గుచ్చి పెట్టుకుంది.

తనిఖీకి పైనుంచి జాయింటు డైరెక్టరుగారు వచ్చారు. ఆయన సన్నగా, అలిసిపోయినట్టు ఉన్నారు. ఆ జిల్లాలో అది ఏడో సంస్థ. మిగతా ఆరుచోట్లా చిన్న హెలికాప్టర్లు పూలదండలో దూరి ఊరుకున్నాయి. భీమశంకరంగారు బీరువా తాళం తీసి పట్టుగుడ్డలో చుట్టిన టేకు రెక్కలు తెచ్చారు. ఆమోదం పొందినవి అవే గనక పరీక్ష వాటితోనే జరగాలి. నీలవేణి బిగించింది. గంగాభవాని రిమోటు పట్టుకుని దణ్ణం పెట్టుకుంది. హెలికాప్టరు మూలిగింది, వణికింది, పడుకుంది.

"ఎగరదా?" అన్నారు జాయింటు డైరెక్టరు.

"మన్నికకు మాత్రం ఢోకా లేదండి," అన్నారు భీమశంకరంగారు.

జాయింటు డైరెక్టరుగారు జేబులోంచి కలం తీశారు. ఆ కలం దేనికి తీశారో అందరికీ అర్థమైంది. పద్దెనిమిది మందీ నీలవేణి వైపు చూశారు. పదవుతోంది. ఎక్కడో లోపల గంట కొట్టారు.

గంగాభవాని ముందుకొచ్చింది. "అయ్యగారూ, మీ పని మీరు చూసుకోండయ్యా. పది కొట్టేరు. మాకు డ్యూటీ టయిమయ్యింది."

"ఏం డ్యూటీ?"

"నాశనం డ్యూటీ అండీ. పదింటికి మొదలెట్టకపోతే మళ్ళీ మెమో ఇచ్చేత్తారు."

జాయింటు డైరెక్టరుగారు భీమశంకరంగారి వైపు తిరిగారు. భీమశంకరంగారు ఉత్తర్వు చూపించారు. అది సక్రమంగా ఉంది. సంతకం, ముద్ర, నంబరు అన్నీ ఉన్నాయి. సక్రమంగా ఉన్న ఉత్తర్వును ఆపే అధికారం తనిఖీకి వచ్చినవారికి లేదు. ఆయన కలం చేతిలోనే పట్టుకుని, కుర్చీలో కూలబడి, టీ అడిగారు.

నీలవేణి టేకు రెక్కలు విప్పి తెల్లవి బిగించింది. గంగాభవాని ముగ్గు గిరి దగ్గర నిలబడి ఒకసారి గాలి చూసుకుంది. హెలికాప్టరు లేచింది. నాలుగు బెండ్లు గాల్లో ఊగాయి. అది మనిషెత్తున ఆగి, ఇంకెక్కడికీ వెళ్ళే పని లేనట్టు అక్కడే ఉండిపోయింది. రెండు నిమిషాలు కాగానే దింపింది. తరవాత ఇంకొకావిడ, ఆ తరవాత ఇంకొకావిడ. జాయింటు డైరెక్టరుగారి టీ చల్లారిపోయింది, ఆయన చూసుకోలేదు. పద్దెనిమిదో ఆవిడ దింపేటప్పటికి ఆయన తన కుర్చీ తనే మోసుకుని ముగ్గు గిరి దాకా వచ్చి కూర్చున్నారు.

"ఇది పరీక్షేనా?" అని నీలవేణిని అడిగారు.

"కాదండి, నాశనం," అంది నీలవేణి. మెమోల అట్ట ఆయన చేతికిచ్చింది.

ఆయన మొదటి మెమో చదివారు. రెండోది చదివారు. ఎనిమిదో మెమో దగ్గర చేతిరుమాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు దగ్గినట్టు దగ్గారు. రుమాలు తీసేసరికి మొహం మళ్ళీ జాయింటు డైరెక్టరు మొహంలా అయిపోయింది.

"రెండు నిమిషాలు ఎగరేయాలని నిబంధన. ఏ ఉద్దేశంతో ఎగరేయాలో నిబంధనలో లేదు," అన్నారు. "పద్దెనిమిది మందీ ఉత్తీర్ణులు. సాక్ష్యం ప్రిన్సిపాలుగారి సంతకంతోనే ఉంది."

గంగాభవాని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మైదానం చివరిదాకా నడిచివెళ్ళి, అక్కడ గోడవైపు తిరిగి నిలబడింది. నీలవేణికి కూడా నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. రెండింటినీ మింగి అటెన్షన్‌లో నిలబడింది.

"ఇకపోతే," అన్నారు సోమయాజులుగారు. ఆయన చేతిలో నివేదికల కట్ట ఉంది. "ఇరవై మూడు రోజులైనా రెక్కలు నాశనం కాలేదండి. ఫైలు మూయడానికి వీల్లేకుండా ఉంది. కోర్సు నిలిచినా ఈ జట్టు కాలం అయిపోయింది కాబట్టి, కొత్త కాగితం లేకపోతే ఈవిడ కాంట్రాక్టు ఈరోజుతో ఆఖరు. ఈవిడ వెళ్ళిపోతే నాశనం ఎవరు చూస్తారు?"

భీమశంకరంగారు దీర్ఘంగా ఆలోచించారు. అంత దీర్ఘంగా ఆయన ఆలోచించినప్పుడల్లా ఎవరికో ఒకరికి నష్టం జరుగుతూ వచ్చింది.

"ప్రారంభించిన నాశనమును మధ్యలో విడిచిపెట్టుట సంస్థ ప్రతిష్ఠకు భంగము. వచ్చే జట్టు అనుభవ రహితులను కూడా ఇందుకే వినియోగించవలెను. ఈమె సేవలు కొనసాగించడమైనది."

సోమయాజులుగారు అక్కడికక్కడే కాగితం తయారుచేశారు. 'కాలపరిమితి' అన్న గడి దగ్గర కలం ఆగింది. ఆయన కాసేపు రెక్కల వైపు, కాసేపు నీలవేణి వైపు చూసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: 'సదరు రెక్కలు విరుగునంత వరకు.' కాగితం ఆవిడ చేతికిస్తూ మాత్రం, ఉద్యోగంలో చేరాక మొదటిసారి కావచ్చు, చిన్నగా కన్నుగీటారు.

నీలవేణి సంతకం పెట్టింది. అందరూ వెళ్ళిపోయాక హెలికాప్టరు దగ్గరికి వెళ్ళి రెక్క ఒకటి విప్పింది. రెండు కొసలూ కలిసేదాకా వంచి వదిలింది. అది టప్పున తిన్నగా అయింది. దాన్ని కొంగుతో తుడిచి మళ్ళీ బిగించి, బోల్టు కాస్త వదులు చేసింది. తరవాత కొత్త పుస్తకం తీసి, వచ్చే జట్టు మొదటిరోజు తేదీ వేసి, నివేదిక ముందే రాసిపెట్టుకుంది: 'ఈ దినము కూడా నాశనము కాలేదు.'